బొడ్డుతాడులో తేడా అన్న రోజు నుంచి పురుడు దాకా

ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ రిపోర్టులో తల, వెన్నెముక, గుండె, మూత్రపిండాలు, కాళ్లు, చేతులు అన్నింటి పక్కనా 'నార్మల్' అని ఉంటుంది. చివర్లో మాయ, ఉమ్మనీరు దగ్గరికి వచ్చేసరికి ఒక చిన్న వాక్యం కనిపిస్తుంది: 'టూ వెజల్ కార్డ్'. లేదంటే 'సింగిల్ అంబిలికల్ ఆర్టరీ'. భీమవరంలోనో అమలాపురంలోనో స్కాన్ సెంటర్ బయట బెంచీ మీద కూర్చున్న కుటుంబానికి ఇక మిగతా పేజీ కనబడదు. సాయంత్రానికి ఆ కాగితం ఫొటో కువైట్‌లో ఉన్న భర్త ఫోనుకు చేరుతుంది. రాత్రంతా ఆయన అక్కడా, ఈమె ఇక్కడా ఇంటర్నెట్‌లో వెతుకుతారు. క్రోమోజోములు, గుండె లోపాలు, కడుపులోనే బిడ్డ పోవడం అన్న మాటలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. తెల్లవారేసరికి ఇద్దరికీ టెన్షన్ తప్ప ఇంకేమీ మిగలదు.

ఇంకో ఇంట్లో 'మాయ కిందికి ఉంది, తాడు పొరల మీద అతుక్కుంది' అని రాస్తారు. అక్కడ ఎవరూ పెద్దగా కంగారు పడరు. పేగు మెడకు చుట్టుకుందని చెబితే మాత్రం ఊరంతా కంగారు పడుతుంది. వైద్యం చెప్పే లెక్క చూస్తే ఈ భయాలు చాలావరకు తారుమారుగా ఉన్నాయి. భయపడాల్సిన చోట మనవాళ్లకు ధీమా, ధీమాగా ఉండాల్సిన చోట భయం. బొడ్డుతాడు గురించి గోదావరి జిల్లాల్లో మాట్లాడుకోవాల్సింది ముందుగా ఇదే.

తాడు చేసే పని డెల్టాలో పుట్టినవాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ప్రతి చేనుకూ నీళ్లు తెచ్చే పంట కాలువ ఒకటి ఉంటుంది, వాడిన నీళ్లు తీసుకుపోయే మురుగు కాలువ ఒకటి ఉంటుంది. బొడ్డుతాడులో మాయ నుంచి ఆక్సిజన్, ఆహారం బిడ్డకు తెచ్చే సిర ఒక్కటే. బిడ్డ వాడేసిన రక్తాన్ని మళ్లీ మాయకు చేర్చే ధమనులు రెండు. అంటే పంట కాలువ ఒకటి, మురుగు కాలువలు రెండు. ఈ మూడింటి చుట్టూ జిగురులాంటి మెత్తని పదార్థం ఉంటుంది. తాడు నలిగినా, మెలిపడినా లోపలి నాళాలు నొక్కుకుపోకుండా కాపాడే గట్టు అదే. నెలలు నిండేసరికి తాడు పొడవు సుమారు 50 నుంచి 60 సెంటీమీటర్లు ఉంటుంది.

'టూ వెజల్ కార్డ్' అంటే ఆ రెండు మురుగు కాలువల్లో ఒకటి లేదని అర్థం. కొందరిలో అది మొదటి నుంచీ ఏర్పడదు. కొందరిలో ఏర్పడి, తొలి వారాల్లోనే ఎండిపోతుంది. మిగిలిన ఒక్క ధమని కాస్త వెడల్పై రెండింటి పని తానే చేస్తుంది. పంట కాలువ యథాతథంగా ఉంటుంది కాబట్టి బిడ్డకు తిండి, గాలి ఆగిపోయినట్టు కాదు. ఒకే బిడ్డ ఉన్న గర్భాల్లో 200 మందిలో ఒకరి నుంచి 100 మందిలో ఒకరి వరకు ఇది కనిపిస్తుంది. కవలల్లో ఇంకా ఎక్కువ. కోనసీమలో ఒక్క పెద్ద మండలం తీసుకున్నా, ఏడాదిలో ఇలాంటి తల్లులు ఒకరిద్దరితో ఆగరు. తనకొక్కదానికే వచ్చిందని కుమిలిపోయే అమ్మాయికి ఈ సంగతి ముందు చెప్పాలి.

ఈ రిపోర్టు చేతికి వచ్చాక డాక్టరును అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఇది ఒక్కటేనా, దీనితో పాటు ఇంకేమైనా ఉందా?" మిగతా కథంతా ఆ జవాబు మీదే నడుస్తుంది. బిడ్డ గుండె నాలుగు గదులు, అక్కడి నుంచి బయలుదేరే పెద్ద నాళాలు, రెండు మూత్రపిండాలు, వెన్ను, పొట్ట గోడ అన్నీ సరిగా కనబడి, తాడులో నాళం మాత్రమే తక్కువైతే, అలాంటి బిడ్డల్లో ఎక్కువ మంది ఆరోగ్యంగానే పుడతారు. అలాకాక గుండెలోనో కిడ్నీల్లోనో మరో తేడా కూడా ఉంటే అప్పుడు విషయం మారుతుంది. 18వ, 13వ క్రోమోజోముల తేడాలు వచ్చే అవకాశం పెరుగుతుంది కాబట్టి, ఉమ్మనీరు తీసి చేసే పరీక్ష గురించి డాక్టరు మాట్లాడతారు. ఇంటర్నెట్‌లో ఎక్కువగా కనిపించే డౌన్ సిండ్రోమ్‌కూ ఈ ఒంటరి ధమనికీ అంత దగ్గరి సంబంధం లేదు. మొదటి మూడు నెలల్లో చేసిన రక్తపరీక్షలు బాగుండి, టిఫాలో ఇంకే తేడా లేకపోతే, కేవలం తాడులో నాళం తక్కువుందన్న కారణంతో జన్యు పరీక్షలకు పరిగెత్తనవసరం లేదని ఇప్పటి వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. చేతిలో ఉన్న డబ్బంతా ఆ పరీక్షకు పోసేముందు ఈ మాట తెలిసి ఉండాలి.

రెండోసారి చూపించుకోవాలనిపించడం సహజం. అందులో తప్పేమీ లేదు. బిడ్డ మూత్రాశయానికి రెండు పక్కలా రెండు ధమనులు వెళ్తాయి కాబట్టి, రక్తం పారే తీరును రంగుల్లో చూపే కలర్ డాప్లర్ స్కాన్ పెట్టి అక్కడ చూస్తే ఒకటుందా రెండున్నాయా అన్నది తేలిపోతుంది. మాయకు దగ్గరలో రెండు ధమనులు కలిసిపోయి ఒకటిగా కనబడటం మామూలు బిడ్డల్లో కూడా ఉంటుంది. అందుకే బిడ్డ వైపు కొసన చూడటం ముఖ్యం. గర్భస్థ శిశువు స్కాన్లలో ప్రత్యేక శిక్షణ ఉన్న వైద్యులు కాకినాడ, రాజమహేంద్రవరం లాంటి పట్టణాల్లో దొరుకుతారు. ఒకసారి అలాంటివాళ్ల దగ్గర గుండె, కిడ్నీలు స్పష్టంగా చూపించుకుంటే చాలు. నెలకో సెంటర్ మార్చి అదే స్కాన్ మళ్లీ మళ్లీ చేయించినంత మాత్రాన తాడులో కొత్త నాళం పుట్టదు.

ఆ తర్వాత చేయాల్సిన పని ఓపికతో కూడుకున్నది. తాడులో ఒక ధమని తక్కువైన బిడ్డల్లో కొందరు బరువు తక్కువగా పెరుగుతారు. అందుకని ఏడు, ఎనిమిది నెలల మధ్య గ్రోత్ స్కాన్ తప్పదు. బరువు సరిగ్గా ఉంటే సాధారణంగానే ముందుకు వెళ్లవచ్చు. 36 వారాల నుంచి కొందరు డాక్టర్లు వారానికొకసారి బిడ్డ గుండె కొట్టుకునే తీరు చూస్తారు. ఆ వారాల్లో ఇంట్లో చేయగలిగింది బిడ్డ కదలికలు గమనించుకోవడం. అన్నం తిన్నాక ఎడమ పక్కకు తిరిగి పడుకుని లెక్కపెడితే రెండు గంటల్లో పది కదలికలైనా తెలియాలి. రోజూ కదిలే బిడ్డ ఉన్నట్టుండి నెమ్మదిస్తే రేపు చూద్దాంలే అనుకోకూడదు. ఆ రోజే, ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. ఏ తాడు లోపం ఉన్నా, ఏదీ లేకున్నా ఇది మారదు. ఒక్క ధమని ఉన్నంత మాత్రాన సిజేరియన్ అవసరం లేదు. సహజ ప్రసవానికి ఇది అడ్డు కాదు.

ఇంట్లో పెద్దవాళ్లు కారణం వెతుకుతారు. గ్రహణం నాడు కదిలిందా, చేతులెత్తి దండెం మీద బట్టలు ఆరేసిందా, మేనరికం కదా అందుకేనా అని. తాడులో నాళం ఏర్పడటమో పోవడమో గర్భం వచ్చిన తొలి వారాల్లో జరిగిపోయే పని. చాలామందికి అప్పటికి నెల తప్పిన సంగతే సరిగా తెలియదు. ఆ అమ్మాయి ఏం తిన్నా, ఎలా పడుకున్నా దాన్ని ఆపగలిగేది కాదు. ఒంటరి ధమనిని మేనరికంతో ముడిపెట్టడానికి కూడా ఆధారం లేదు. అయితే మేనరికమైతే ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. బిడ్డలో మరో లోపం బయటపడినప్పుడు కారణం వెతకడానికి అది పనికొస్తుంది. ఆ మాట డాక్టరు గదిలో చెప్పడానికీ, వంటింట్లో కోడలి ముఖం మీద అనడానికీ చాలా తేడా ఉంది.

ఇక పేగు మెడకు చుట్టుకోవడం. తెలుగు ఇళ్లలో దీని చుట్టూ ఉన్నన్ని మాటలు మరే గర్భసమస్య చుట్టూ లేవు. పేగు మెడలో వేసుకుని పుడితే మేనమామకు గండమంటారు. శాంతి చేయించి, నూనెలో నీడ చూశాకే మేనమామ బిడ్డను చూడాలంటారు. ఆ ఆచారాన్ని తమ తృప్తి కోసం చేసుకునేవాళ్లు చేసుకుంటారు, దానివల్ల బిడ్డకు నష్టం లేదు. కానీ పుట్టకముందే 'ఉరి పడింది' అని తల్లి చెవిలో వేయడం మాత్రం అన్యాయం. కడుపులో బిడ్డ గొంతుతో గాలి పీల్చదు. ఊపిరితిత్తుల నిండా నీరే ఉంటుంది. ఊపిరి వచ్చేది తాడు గుండానే. కాబట్టి మెడకు ఉరి అన్న ఊహే తప్పు. చూడాల్సింది తాడు నలుగుతోందా లేదా అన్నది. పుట్టే బిడ్డల్లో దాదాపు నలుగురిలో ఒకరికి మెడ చుట్టూ తాడు ఉంటుంది. ఏడో నెల స్కాన్‌లో కనిపించిన చుట్టు తొమ్మిదో నెలకు విడిపోవచ్చు, లేనిది కొత్తగా పడవచ్చు. నొప్పుల్లో గుండె చప్పుడు తగ్గుతూ పెరుగుతూ ఉంటే డాక్టరు, నర్సు కనిపెట్టుకుని ఉంటారు. తల బయటికి రాగానే తాడును బిడ్డ తల మీదుగా తప్పిస్తారు. అనుభవమున్న మంత్రసానులు కూడా ఇదే చేసేవారు.

స్కాన్‌లో ఒక చుట్టు కనిపించిందని ముహూర్తం చూసి సిజేరియన్‌కు తేదీ ఖాయం చేసుకునే కుటుంబాలు ఇప్పుడు తక్కువేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ ప్రసవాల్లో 42 శాతం సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 63 శాతం. ప్రాణం నిలిపే ఆపరేషన్ చాలామందికి అవసరమే, దాన్ని తప్పుపట్టడం కాదు. మెడ చుట్టూ ఒక చుట్టు ఉండటం ఒక్కటే ఆ అవసరాన్ని తేల్చదు. "బిడ్డ బరువు, డాప్లర్, గుండె చప్పుడు అన్నీ బాగుంటే నొప్పుల కోసం ఆగవచ్చా అండీ?" అని అడిగితే మంచి డాక్టరు ఎవరూ కోప్పడరు.

తాడు మీద నీటితిత్తి కనిపించడం, బిడ్డ పొట్టలో సిర కాస్త ఉబ్బి ఉండటం, తాడు ఎక్కువగా మెలిపడటం లాంటివి అరుదు. వీటికి కూడా మొదట వేయాల్సింది 'ఇంకేమైనా ఉందా' అన్న ఆ ప్రశ్నే. తొలి మూడు నెలల్లో కనిపించే తిత్తులు చాలావరకు వాటంతటవే పోతాయి. తర్వాతి నెలల్లోనూ ఉండిపోతే వివరంగా చూస్తారు.

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది తాడు మాయకు ఎక్కడ అతుక్కుందన్న దాని మీద. మామూలుగా తాడు మాయ నడిమధ్యనో దానికి దగ్గర్లోనో అతుకుతుంది. కొందరిలో అంచున అతుకుతుంది, ఇది అంత అరుదు కాదు, పెద్ద ప్రమాదమూ కాదు. నూటికి ఒకరిలో మాత్రం తాడు మాయ దాకా రాకుండానే పొరల మీద విడిపోతుంది. అక్కడి నుంచి నాళాలు జిగురు రక్షణ లేకుండా, గట్టు లేని కాలువల్లా, పలచటి ఉమ్మనీటి పొర మీద పాకుతూ మాయను చేరతాయి. ఆ నాళాలు గర్భాశయ ద్వారానికి అడ్డంగా వెళ్తే దాన్ని వాసా ప్రీవియా అంటారు. రెండు వేల ప్రసవాల్లో ఒకటికి అటూ ఇటూగా వస్తుంది. ఉమ్మనీరు పోయిన క్షణంలో పొరతో పాటు ఆ నాళం చిరిగితే పోయే రక్తం తల్లిది కాదు, బిడ్డది. మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండే మొత్తం రక్తం పావు లీటరు చిల్లర. ఒక గ్లాసుడు పోతే చాలు.

ముందుగా తెలియకపోతే ఇందులో సగానికి సగం మంది బిడ్డలు దక్కరు. ముందే స్కాన్‌లో తెలిసి, నొప్పులు రాకముందే ఆపరేషన్ చేస్తే నూటికి 95 మందికి పైగా బతుకుతారు. బొడ్డుతాడు సమస్యలన్నింటిలో తెలుసుకోవడం ఒక్కటే ఇంత తేడా తెచ్చేది ఇదే. తెలుసుకోవడం కూడా కష్టమేమీ కాదు. టిఫా చేసేటప్పుడే తాడు మాయకు ఎక్కడ అతుక్కుందో చూసి రాయాలి. ఐదో నెలలో మాయ కిందికి ఉన్నవాళ్లకు, మాయ రెండు ముక్కలుగా ఉన్నవాళ్లకు, కవలలున్నవాళ్లకు, ఐవీఎఫ్‌తో గర్భం వచ్చినవాళ్లకు గర్భాశయ ద్వారం మీద కలర్ డాప్లర్ పెట్టి చూడాలి. యోని ద్వారా చేసే స్కాన్‌లో ఇది స్పష్టంగా తెలుస్తుంది. దాని వల్ల బిడ్డకు హాని లేదు. ఎనిమిదో నెలకు మాయ పైకి జరిగిపోయిందని చెప్పినా సరే, నాళాలు కిందే మిగిలిపోయాయేమో చూడమని అడగాలి. చాలామంది అక్కడే ఆగిపోతారు.

వాసా ప్రీవియా తేలితే ఇక ఇంటికీ ఆసుపత్రికీ మధ్య దూరమే అసలు సమస్య. సాధారణంగా 34 నుంచి 37 వారాల మధ్య సిజేరియన్ చేస్తారు. అంతకు కొన్ని వారాల ముందే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి తల్లికి ఇంజెక్షన్లు ఇస్తారు. 30 వారాలు దాటాక ఆసుపత్రిలోనే ఉంచడమో, ఆసుపత్రి పక్కన బస చేయమనడమో ఉంటుంది. ఉమ్మనీరు పోయాక నిమిషాలే చేతిలో ఉంటాయి కాబట్టి పంటు కోసం, పడవ కోసం ఆగే వ్యవధి ఉండదు.

డెల్టాలో ఈ దూరాన్ని కిలోమీటర్లలో కొలిస్తే మోసపోతారు. సఖినేటిపల్లి రేవులో నిలబడితే గోదావరి పాయ వశిష్ఠకు అవతల నరసాపురం కళ్లెదుటే ఉంటుంది. పంటు ఆగిన రోజున చించినాడ వంతెన మీదుగా చుట్టి వెళ్లాలి. కనకాయలంక కాజ్‌వే వరద వచ్చిందంటే నీళ్ల కింద ఉంటుంది, ఊరికి పడవే దిక్కు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. 1986 ఆగస్టులో 35 లక్షలు, 2022 జూలైలో 25 లక్షలు దాటి వచ్చింది. నెలలు నిండిన గర్భిణులను వరదలప్పుడు అధికారులు ముందుగానే ఆసుపత్రులకు తరలిస్తుంటారు. తాడులో ప్రమాదమున్న అమ్మాయి విషయంలో ఆ తరలింపు కోసం ఎదురుచూడకూడదు. జూలై నుంచి సెప్టెంబరు మధ్య నెలలు నిండేలా ఉంటే, ఎగువన ఉన్న భద్రాచలంలో నీళ్లు 43 అడుగులకు చేరాయన్న వార్త వచ్చేసరికే ఆమె అమలాపురంలోనో, పాలకొల్లులోనో, కాకినాడలోనో బంధువుల ఇంట్లో ఉండాలి. ఆ ఊళ్లో కూడా రాత్రివేళ ఆపరేషన్ చేయగల డాక్టరు, మత్తు డాక్టరు, రక్తం, నెలలు నిండని బిడ్డలను చూసే వార్డు ఉన్నాయో లేదో ముందే కనుక్కోవాలి. ఎక్కడా లేకపోతే కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి) లాంటి పెద్దాసుపత్రే నయం.

పురుడు పుట్టింట్లో జరగడం మన పద్ధతి. ఏడో నెలలో సీమంతం చేసి అమ్మాయిని తీసుకొస్తారు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో అప్పటిదాకా చూసిన డాక్టరు ఒకరు, ఇక్కడ పురుడు పోసే డాక్టరు మరొకరు. పసుపు, కుంకుమ, చీర, సారె అన్నీ వస్తాయి. టిఫా రిపోర్టు మాత్రం అత్తారింటి బీరువాలో ఉండిపోతుంది. తాడు తేడా ఉన్నవాళ్లకు ఇది చిన్న పొరపాటు కాదు. ఆ కాగితాలన్నీ ఒక ఫైలులో పెట్టి, ఫోనులోనూ ఫొటోలు దాచుకుని, పుట్టింటికి వచ్చిన వారంలోనే కొత్త డాక్టరుకు చూపించాలి. ఊళ్లో ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు కూడా చెప్పాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు జరిగే ప్రత్యేక వైద్య పరీక్షల్లో రిస్కున్నవాళ్లను విడిగా గుర్తిస్తారు, అందులో పేరు ఉండటం మంచిది. వాసా ప్రీవియా ఉన్న అమ్మాయి విషయంలో అయితే పుట్టిల్లు లంకలో ఉంటే పుట్టింటివాళ్లే పట్నానికి వచ్చి ఆమె దగ్గర ఉండాలి. ఆచారం చెడుతుందేమోనని పెద్దవాళ్లు బాధపడొచ్చు. తల్లి పక్కన ఉంటే అదే పుట్టిల్లు.

స్కాన్‌లో తేడా లేకున్నా ఒక ప్రమాదం ఏ గర్భిణికైనా రావచ్చు. బిడ్డ అడ్డంగా ఉన్నప్పుడో, కాళ్లతో కిందికి ఉన్నప్పుడో, ఉమ్మనీరు మరీ ఎక్కువగా ఉన్నప్పుడో, నీరు పోయిన వెంటనే తాడు బిడ్డ కంటే ముందు జారి రావచ్చు. అప్పుడు దాన్ని లోపలికి నెట్టడం, లాగడం చేయకూడదు. తల్లిని మోకాళ్ల మీద, ముంజేతుల మీద వంగి నడుము పైకి ఉండేలా ఉంచి, 108కు ఫోన్ చేసి, ఉన్న బండిలోనే బయలుదేరాలి. బిడ్డ తల బరువు తాడు మీద పడకుండా చూడటమే ఆ భంగిమ ఉద్దేశం.

టిఫాను 18 నుంచి 22 వారాల మధ్య చేయించుకోమనడానికి ఇంకో కారణం చట్టం. తాడుతో పాటు బిడ్డలో తీవ్రమైన లోపాలు బయటపడితే కుటుంబానికి ఆలోచించుకునే వ్యవధి కావాలి. గర్భస్రావ చట్టానికి 2021లో వచ్చిన సవరణ తర్వాత 24 వారాలు దాటిన గర్భం విషయంలో, తీవ్ర లోపాలున్నప్పుడు మాత్రమే, మెడికల్ బోర్డు నిర్ణయం మీద ఆధారపడాలి. తాడులో ఒక ధమని మాత్రమే లేకపోవడం ఆ కోవలోకి రాదు. దాన్ని చూసి గర్భం తీయించుకుందామా అన్న మాట ఇంట్లో ఎవరి నోటి నుంచీ రాకూడదు.

బిడ్డ పుట్టి ఏడ్చాక, తాడును కనీసం ఒక నిమిషం ఆగి కోస్తే బిడ్డకు అదనంగా రక్తం అందుతుంది. కోసిన కొసను చూసి నాళాలు రెండా మూడా అని లెక్కపెట్టి కేస్ షీటులో రాయమని అడగవచ్చు. మాయకు తాడు ఎక్కడ అతుక్కుందో అప్పుడే చూస్తారు. ఒక్క ధమని అని తేలిన బిడ్డను పిల్లల డాక్టరు తల నుంచి కాళ్ల దాకా ఒకసారి పూర్తిగా చూడాలి, ముఖ్యంగా గుండె చప్పుడు. స్కాన్‌లో కిడ్నీల మీద అనుమానం ఉండి ఉంటే మళ్లీ స్కాన్ చేస్తారు. ఆ తర్వాత మిగిలేది బొడ్డు. దానికి బూడిద, పసుపు, నూనె ఏవీ పెట్టకుండా పొడిగా ఉంచితే వారం, రెండు వారాల్లో ఎండి ఊడిపోతుంది. చుట్టూ చర్మం ఎర్రబడినా, చీము వాసన వచ్చినా, మూడు వారాలకూ ఊడకపోయినా మళ్లీ డాక్టరుకు చూపించాలి.